ఆరో సంతరోజు పుట్టకూడదు

మా జిల్లా పశువైద్య కార్యాలయంలో టీకాల వ్యాను నడిపేది నేను. పేరు పోనిరన్. పోన్ రోజున పుట్టానని మా అమ్మ పెట్టిన పేరు. పదహారేళ్ల సర్వీసులో బండిని ఒక్కసారి కాలవలో దించలేదు, ఒక్క కోడిపిల్లని తొక్కించలేదు. అలాంటి నన్ను పట్టుకుని రెండువేల మూడో సంవత్సరం వానల్లో జనం "నిద్రమొహం డ్రైవరు" అన్నారు. అది మా ఆఫీసులో కంప్యూటర్ చూసే ముర్వాని అనే ఆవిడ చేసిన తప్పు వల్ల వచ్చిన పేరు. ఆవిడ మీద నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. అయినా ఇవాళ ఎవరైనా ఆవిడని ఒక మాటంటే ముందు నేనే లేస్తాను. ఎందుకో చెబుతాను.

వారానికి ఏడు రోజులున్నట్టే మా జావాలో సంతకి ఐదు రోజులు. లెగి, పహింగ్, పోన్, వగే, క్లివోన్. ఏ ఊరి పశువుల సంతకి ఆ ఊరి రోజు ఉంటుంది. వారం చక్రం దాని దారిన అది, సంత చక్రం దాని దారిన ఇది తిరుగుతుంటాయి. ఒక్కో రోజుకీ ఒక్కో విలువ. బుధవారానికి ఏడు, క్లివోన్‌కి ఎనిమిది, కూడితే పదిహేను. పెళ్లికైనా, పునాదికైనా, ఎద్దు కొనడానికైనా మావాళ్లు ముందు ఈ కూడిక చూసుకుంటారు. చదువు రాని ముసలమ్మలు కూడా వేళ్ల మీద చెప్పేస్తారు.

ముర్వాని పుట్టింది పశువుల సంత పక్కనే. తండ్రి మర్తోవియోనో ఎద్దుల బేరగాడు. లుంగీ కింద చేతులు కలిపి, వేళ్లు నొక్కి బేరం కుదిర్చే పాతకాలం మనిషి. కూతురు టైపు నేర్చుకుని మా ఆఫీసులో చేరింది. తొంభై ఎనిమిదిలో కంప్యూటర్ వస్తే ఒక్కడూ ముట్టుకోలేదు. ముట్టుకుంటే పాడవుతుందని భయం, పాడైతే జీతంలో కోస్తారని ఇంకా భయం. ఈవిడ మాత్రం దాని మీది గుడ్డ తీసి, మడతపెట్టి సొరుగులో వేసి, కూర్చుంది. రెండేళ్లపాటు ప్రతి శనివారం బస్సులో సోలో పట్నానికి వెళ్లి ప్రోగ్రాంలు రాయడం నేర్చుకుంది. ఆవిడ నేర్చుకున్న భాషకి మా దీవి పేరే పెట్టారట.

"మన పేరు పెట్టుకున్నారు గదా, మన సంతరోజులు ఉన్నాయా మరి అందులో?" అన్నాను ఓసారి.

"లేవు పాక్ పోని. మనమే పెట్టుకోవాలి," అంది నవ్వకుండా. ఆవిడకి హాస్యం ఆలస్యంగా ఎక్కుతుంది. మాలో మర్యాదకి మగవాళ్లని పాక్ అనీ, ఆడవాళ్లని బు అనీ, పల్లెటూరి ముసలమ్మల్ని మ్బోక్ అనీ పిలుస్తాం.

ఆ ఏడు గొంతువాపు ఎక్కువగా ఉందని సంతల్లోనే ఆవులకీ ఎద్దులకీ టీకాలు వేయాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. సంతలు ముప్పై పైన, వ్యాను ఒకటి. ఏ రోజు ఏ సంతకి వెళ్లాలో ముర్వాని ప్రోగ్రాం రాసి పట్టిక తీసింది. నా చేతికి వచ్చే కాగితం మీద తేదీ, ఊరు, అంతే. ఊళ్లకి మాత్రం ఏ సంతకి వస్తామో అప్పటికింకా చేతిరాత దస్త్రం చూసే కబురు పంపేవారు. మొదటి నాలుగు శిబిరాలు పెళ్లిళ్లలా జరిగిపోయాయి.

ఐదోది సుంబెర్‌ఆగుంగ్. మంచుపెట్టెలు సర్దుకుని, టీకాలు వేసే ఇద్దర్నీ ఎక్కించుకుని ఆదివారం పొద్దున ఏడింటికల్లా దిగాను. మైదానంలో మనిషి లేడు, పశువు లేదు. పేడ మాత్రం ఉంది, పచ్చిగానే ఉంది. టీకొట్టు ఆవిడ గ్లాసులు కడుగుతూ నన్ను ఎగాదిగా చూసింది.

"నిన్న గదయ్యా సంత! శనివారం లెగి. మధ్యాహ్నం దాకా ఎండలో నిలబడి నిన్ను తిట్టుకుంటూ పోయారు. మొన్న పడుకున్నవాడివి ఇప్పుడే లేచావా?"

"ఇదిగో కాగితం, చూడు! ఆదివారమని రాసుంది!"

"కాగితం నీ చేతిలోనే ఉంది. ఏం రాసుకుంటే ఎవడికి తెలుసు?"

నాకు ఒళ్లు మండిపోయింది. కానీ ఒక్కసారి తప్పు ఎవరికైనా వస్తుందిలే అని ఊరుకున్నాను. ఆ తర్వాత కెదుంగ్‌వరు. అక్కడ సంత బుధవారం క్లివోన్‌కి అయిపోయింది. నేను వెళ్లింది ఎనిమిది రోజుల తర్వాత, గురువారం పోన్‌కి. కెదుంగ్‌వరు క్లివోన్ సంత అని నాకు తెలియదా? తెలుసు. బండెక్కే ముందు ఆ రోజు ఏమిటో ఒక్క క్షణం ఆలోచిస్తే సరిపోయేది. కాగితాన్ని నమ్మి ఆలోచించలేదు. ఆ మాట మాత్రం ఆఫీసులో ఎవరితోనూ అనలేదు, ఇప్పుడు మీకే చెబుతున్నాను.

తిరిగొచ్చి తలుపు ధడేల్మని తోశాను.

"బు ముర్! నా పరువు రెండు ఊళ్లలో తీశారు. మీ యంత్రానికి రోజులు రావు, రానప్పుడు నేర్పకండి!"

ఆవిడ లేచి నిలబడింది. "తప్పు నాదే అయ్యుండాలి. ఎక్కడుందో తెలియడం లేదు. చూడండి, కూడిక సరిపోయింది."

ఆఫీసులో పద్ధతి అది. యంత్రం తీసిన ప్రతి తేదీ పక్కనా విలువల కూడిక వేసి, చేతిరాత దస్త్రంలో ఉన్న కూడికతో సరిచూస్తారు. కెదుంగ్‌వరుకి దస్త్రంలో పదిహేను, యంత్రంలో పదిహేను. సుంబెర్‌ఆగుంగ్‌కి అక్కడా పద్నాలుగు, ఇక్కడా పద్నాలుగు. తప్పు కాగితాలకి ఒప్పు కూడికలు. నాకేమీ అర్థం కాలేదు.

మర్నాడు టీ తాగుతుంటే నన్ను పిలిచింది. బల్ల మీద శిబిరాలన్నీ వరసగా రాసిపెట్టుంది.

"మంగళవారం, శుక్రవారం పడ్డవన్నీ సరిగ్గా జరిగాయి. ఆ రెండే ఎందుకు తప్పలేదు?"

"అదృష్టం."

"మంగళవారం విలువ మూడు, శుక్రవారానిది ఆరు. మూడు గానీ ఆరు గానీ విలువున్న సంతరోజు ఉందా?"

వేళ్లు మడిచాను. లెగి ఐదు, పహింగ్ తొమ్మిది, పోన్ ఏడు, వగే నాలుగు, క్లివోన్ ఎనిమిది. లేదు.

"నేను వారాన్నీ సంతరోజునీ రెంటినీ వాటి విలువలతోనే రాశాను. ఒకచోట ముందుది వెనక, వెనకది ముందు పెట్టాను. బుధవారం క్లివోన్ అంటే ఏడు, ఎనిమిది. తిరగేస్తే ఎనిమిది, ఏడు. గురువారం పోన్! కూడినా పదిహేనే. శనివారం లెగి తిరగేస్తే ఆదివారం పహింగ్, పద్నాలుగే. మంగళవారాన్ని తిరగేస్తే మూడు విలువున్న సంత దొరకదు గనక, దొరక్కపోతే ఇటునుంచి చదువు అని నేనే ఒక అతుకు వేసి పెట్టాను. అందుకని అవి బతికిపోయాయి."

ఎద్దు ఈనిందంటే దూడని గాట కట్టమన్నట్టు, ఏ అంకె ఇచ్చినా ఆ యంత్రం సరేనంది. అంకెకి అంకె తేడా ఏముంది దానికి? మనిషైతే 'ఇదేంటి, వారం అడిగితే సంత చెబుతున్నావు' అంటాడు.

మా పెద్ద డాక్టరు పాక్ హర్యోటో తేలిగ్గా తీసుకున్నాడు. "తారుమారైన చోటు తెలిసింది గదా, తిప్పి రాసేయండి. ఐదు నిమిషాల పని."

"ఐదు నిమిషాలే పాక్. ఇవాళ అక్కడ సరిచేస్తాను. వచ్చే నెల ఇంకోచోట మళ్లీ నేనే తారుమారు చేస్తాను. నేను తప్పు రాసినా తీసుకోనని యంత్రమే మొరాయించాలి. అలా మొత్తం తిరగరాస్తాను."

"బు ముర్వాని, వినండి." ఆయన గొంతు మారింది. "ఉన్నది ఒక్క వ్యాను, కెదుంగ్‌వరు వంతు మళ్లీ వచ్చేది సోమవారం క్లివోన్‌కి. ముప్పై ఒక్క రోజులుంది. రైతులు ఇప్పటికే మనల్ని చూసి నవ్వుతున్నారు. మూడోసారి వ్యాను తప్పిందంటే ఈ కంప్యూటర్ గోదాములోకి, మీరు పాత దస్త్రాల గదిలోకి. తర్వాత నన్ను అనకండి."

"అనను," అంది.

పట్టిన పట్టు విడవడమంటే తెలియని మనిషి. అయితే ఎలా రాయాలో మాత్రం వారం దాకా తోచలేదు. ఆ భాషలో 'ఇవి ఇంతే, ఇంకోటి లేదు' అని చెప్పడానికి అప్పటికి సిద్ధంగా ఏ సాధనమూ లేదట. ఒక ఆదివారం ఆవిడని తండ్రి ఇంటి దగ్గర దింపుతూ నేనూ టీకి కూర్చున్నాను. ముసలాయన వేయించిన టెంపే, అంటే పులియబెట్టిన సోయాగింజల ముక్కలు, ముందుపెట్టి, కూతురు చెప్పిందంతా విని, పొగాకు చుట్టుకుంటూ అడిగాడు.

"అమ్మడూ, నీ వయసెంత?"

"నలభై ఒకటి."

"పాక్ పోని కొడుకు వయసు?"

"వాడికి పంతొమ్మిది," అన్నాను నేను.

"అయితే నువ్వు నలభై ఒకటి అనే అంకెవా? పాక్ పోని కొడుకు పంతొమ్మిది అనే అంకెనా? మనిషికి వయసుంటుంది గానీ వయసే మనిషి కాదు గదే! క్లివోన్‌కి ఎనిమిది ఉంది. గురువారానికీ ఎనిమిది ఉంది. రెంటినీ ఎనిమిదీ ఎనిమిదీ అని పిలుస్తూ కూర్చుంటే, పిలిచినప్పుడు ఎవరొస్తారో నీకేం తెలుసు? నేను బేరంలో ఎద్దుని ఎప్పుడైనా ధరతో పిలిచానా?"

ముర్వాని టెంపే ముక్క అలాగే పట్టుకుని ఉండిపోయింది. తర్వాత గబగబా తిని, "పాక్ పోని, బండి తీయండి," అంది. నా టీ సగం అక్కడే ఉండిపోయింది.

ఆవిడ కట్టింది నాకు చెప్పిన పద్ధతిలోనే చెబుతాను. 'సంతరోజు' అని ఒక క్లాస్, అంటే అచ్చు లాంటిది, రాసింది. ఆ అచ్చుకి లోపలివైపు గడియ. బయటివాళ్లెవరూ దానితో కొత్త రోజుని పోయలేరు. లోపల తనే లెగి, పహింగ్, పోన్, వగే, క్లివోన్ ఐదుగుర్నీ ఒక్కసారి పుట్టించి తలుపు వేసేసింది. ఒక్కొక్కరి ఒళ్లో వాళ్ల పేరు, వాళ్ల విలువ. నీ తర్వాత ఎవరు అని క్లివోన్‌ని అడిగితే లెగి అని తనే చెబుతుంది. వారానికి ఏడుగురితో వేరే అచ్చు. ఇప్పుడు సంతరోజు పెట్టాల్సిన చోట గురువారాన్ని పెడితే వ్యాను కెదుంగ్‌వరు దాకా పోనక్కర్లేదు, ప్రోగ్రాం తయారవకముందే యంత్రం ఎర్రగా తప్పు చూపించి ఆగిపోతుంది.

నా కళ్ల ముందే కావాలని తారుమారు చేసి చూపించింది. ఆగిపోయింది.

"పాపం, ఇన్నాళ్లూ దానికి కళ్లు పెట్టకుండా చూడమన్నారన్నమాట," అన్నాను.

ఈసారి నవ్వింది.

కానీ పనంటే అచ్చు పోయడంతో అవలేదు. ప్రోగ్రాంలో రెండువందల చోట్ల అంకెలున్నాయి. ఒక్కోటీ పీకి రోజుని పెట్టాలి. గుమాస్తాలు గోల పెట్టారు. మాకు ఎనిమిది అని కొట్టడం అలవాటు, ఈ పేర్ల జాబితాలోంచి ఎవరు ఏరుకుంటారు అని పెద్ద డాక్టరు దగ్గరికి పోయారు. ఆయన వచ్చి బల్ల దగ్గర నిలబడ్డాడు.

"మీ పద్ధతి బాగుంది. పేర్లూ ఉంచండి, అంకె కొట్టినా తీసుకునేట్టు పక్కన ఒక దారి ఉంచండి. అందరికీ సర్దుబాటుగా ఉంటుంది."

"ఉంచను పాక్."

"ఒక్క దారి!"

"ఆ ఒక్క దారిలోంచే గదా రెండుసార్లు వ్యాను తప్పిపోయింది. కావాలంటే నన్ను ఇవాళే దస్త్రాల గదికి పంపండి, ఆ దారి మాత్రం నేను రాయను."

మా పెద్ద డాక్టరుకి అంత సూటిగా ఎవరూ చెప్పరు. మావాళ్లు కాదనాలంటే ముందు పది మాటలు అవునని, పదకొండోది నసుగుతారు. ఆయన మొహం ఎర్రబడింది. వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. నాకు ఆవిడ మీద కోపం అక్కడితో పోయింది.

గడువుకి పది రోజులుందనగా కెదుంగ్‌వరు నుంచి కబురొచ్చింది. గియెమ్ అనే ముసలమ్మ ఆవు గొంతువాపుతో చచ్చిపోయింది. బుధవారం క్లివోన్‌నాడు ఆ ఆవుని తోలుకొచ్చి పొద్దుట్నుంచీ మా వ్యాను కోసం నిలబడ్డవాళ్లలో ఆవిడా ఒకతె. ఆ రోజే టీకా పడుంటే మూడు వారాల్లో మందు ఒంటబట్టి బతికేదని డాక్టర్లే అన్నారు. ముర్వాని విని కుర్చీలో కూర్చుండిపోయింది. ఇంటి నుంచి టేకాకులో కట్టి తెచ్చుకున్న అన్నం పొట్లం విప్పలేదు. సాయంత్రం దాకా కళ్లు తుడుచుకోవడం, అంకెలు పీకడం, అంతే. నాకు దుఃఖమొచ్చింది. ఆ రోజు ఏ రోజో చూసుకోకుండా బండెక్కింది నేనూ గదా.

శుక్రవారానికి అంతా అయింది. సోమవారమే శిబిరం. పట్టికని టెలిఫోను తీగ మీదుగా కెదుంగ్‌వరు ఉపకేంద్రంలోని కంప్యూటర్‌కి పంపింది. అక్కడి ప్రోగ్రాం ఇది మా సంతరోజేనా అని చూసుకుని, అవునంటేనే ఊళ్లకి చీటీలు అచ్చుకొడుతుంది. అరగంటకి అక్కడి గుమాస్తా ఫోను చేశాడు.

"బు, ఇది మా రోజు కాదంటోంది. పైన క్లివోన్ అని చూపిస్తోంది, కింద మాది క్లివోన్ అంటోంది, రెండూ ఒకటి కాదంటోంది. దీనికేమన్నా పిచ్చి పట్టిందా?"

గోరుచుట్టు మీద రోకటిపోటు. గుమాస్తాలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకడు పాత దస్త్రాల గది తాళంచెవి వేలికి తగిలించుకుని గలగలలాడించాడు. వాణ్ణి ఒక్కటి పీకాలనిపించింది. ముర్వాని మాత్రం సంచీ భుజాన వేసుకుంది.

"పాక్ పోని, కెదుంగ్‌వరు."

దారంతా వాన. ఆవిడ ఒళ్లో కాగితాలు పెట్టుకుని తనలో తనే మాట్లాడుకుంటోంది. సగం దారిలో, "గడియ లోపలివైపు వేశాను గదా, మరి ఆరోవాడు ఎలా పుట్టాడు?" అంది. ఇంకో నాలుగు మైళ్లకి, "తలుపులోంచి రాలేదు!" అని నా చెయ్యి పట్టుకుంది. స్టీరింగు తప్పి కోళ్ల గంపని రాసుకుంటూ పోయాం.

సంగతేమిటంటే, ప్రపంచంలో క్లివోన్ ఒక్కటే ఉంటుందన్న నమ్మకంతో, ఆవిడ ప్రోగ్రాం పేరూ విలువా చూడదు, వాడే వీడా అని మాత్రమే చూస్తుంది. తీగ మీద పోయేటప్పుడు క్లివోన్ అక్షరాలుగా మారి, అవతల మళ్లీ రూపం కట్టుకుంటుంది. అలా కట్టుకునేటప్పుడు గడియ వేసిన తలుపుతో దానికి పనే లేదట. అక్కడ ఒక క్లివోన్ ముందే ఉంది, ఇది ఇంకొకటి. ఒకే మొహంతో ఇద్దరు. ఐదుండాల్సిన చోట ఆరు.

ఉపకేంద్రంలో తడిచీరతోనే కూర్చుంది. తీగ మీద వచ్చినవాడు లోపలికి రాకముందే పేరు చెప్పాలి, ఆ పేరుగల అసలువాణ్ణి లోపలినుంచి పిలిచి వాణ్ణే చేతిలో పెట్టాలి, వచ్చినవాణ్ణి అక్కడే వదిలేయాలి. అంతే రాయాల్సింది. ఆవిడ రెండుసార్లు తప్పు కొట్టింది, రెండుసార్లూ తుడిచింది. మళ్లీ పట్టిక తెప్పించారు. అచ్చుయంత్రం కిర్రుమంది. సోమవారం, క్లివోన్, కెదుంగ్‌వరు అని చీటీలు వరసగా వచ్చాయి. గుమాస్తా వాటిని తీసుకుని వానలోనే ఊళ్ల మీదికి పోయాడు.

సోమవారం పొద్దున వ్యానులో నా పక్కన ముర్వాని ఎక్కింది. ఆవిడ రానక్కర్లేదు. వస్తానంది.  మైదానం మలుపు తిరిగాక చూశాం. ఒక మూల నుంచి ఇంకో మూల దాకా ఆవులే. నేను హారను కొట్టాను, రెండుసార్లు, అక్కర్లేకపోయినా.

"వచ్చాడ్రా నిద్రమొహం!" అని ఎవడో అరిచాడు. జనం నవ్వారు. వెధవ నవ్వు గానీ, చెవికి హాయిగా ఉంది.

మధ్యాహ్నం దాకా రెండువందల పైన పశువులకి టీకా పడింది. ముర్వాని చెట్టుకింద బల్ల వేసుకుని పేర్లు రాసుకుంటోంది. అప్పుడొచ్చింది గియెమ్ ముసలమ్మ. చేతిలో తాడు, తాడు చివర ఎర్రటి పెయ్య, ఏడాది కూడా ఉండదు.

"రోజులు రాసేది ఎవరు మీలో?" అంది.

పక్కనున్న కుర్ర డాక్టరు ఆవిణ్ణి చల్లబరచబోయాడు. "అది యంత్రంలో వచ్చిన పొరపాటమ్మా..."

"యంత్రం కాదు. నేను," అంది ముర్వాని. లేచి ముసలమ్మ ఎదురుగా నిలబడింది. "నేను తారుమారుగా రాశాను. మీ ఆవు నా తప్పు వల్ల పోయింది, మ్బోక్."

ముసలమ్మ ఆవిణ్ణి తిట్టింది. అలాంటి ఇలాంటి తిట్లు కాదు. ఆ ఆవు మూడు ఈతలు ఈనిందని, పేరు పెట్టి పిలిస్తే వచ్చేదని, చివరి రోజు నీళ్లు కూడా మింగలేక తన మొహంలోకి చూస్తూ పోయిందని, ఆఫీసుల్లో నీడపట్టున కూర్చునేవాళ్లకి అది తెలియదని. జనం పోగయ్యారు. నేను అడ్డం వెళ్లబోతే ముర్వాని చేత్తోనే వద్దంది. ఒక్క మాటకీ బదులు చెప్పకుండా, తల దించకుండా అంతా విన్నది. కన్నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు.

ముసలమ్మకి ఆయాసం వచ్చి ఆగింది. కాసేపు పెయ్య వీపు నిమిరింది. తర్వాత తాడు తెచ్చి ముర్వాని చేతిలో పెట్టింది.

"ఇది దాని కూతురు. సూదంటే బెదురుతుంది, నా చేతుల్లో ఇక బలం లేదు. గట్టిగా పట్టుకో."

ముర్వాని తాడుని చేతికి రెండు చుట్లు చుట్టుకుని, రెండో చెయ్యి పెయ్య మెడకింద వేసింది. సూది దిగగానే అది ఎగిరి తన్నింది. ఆవిడ మోకాళ్ల మీద బురదలో పడింది గానీ తాడు వదల్లేదు.